అప్‌డేట్: మా నాన్నగారి తుపాకీకి పట్టిన తుప్పు సంగతి

పర్లాకిమిడిలో మా పాత పెంకుటింట్లో, లైసెన్సున్న పన్నెండు బోరు తుపాకీకి ఏటా వానాకాలంలో తుప్పు పడుతోందని జూన్‌లో అడిగింది నేనే.

అసలు దొంగ తోలు సంచి. నాన్నగారు మురిపెంగా కుట్టించుకున్నది. లోపలి ఊలు గుడ్డ చెమ్మ పీల్చుకుని రాత్రింబవళ్లు గొట్టాన్ని అంటిపెట్టుకుని ఉండేది. తుపాకీ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని బయటికి తీశాను. మచ్చలన్నీ సరిగ్గా గుడ్డ తగిలిన వైపే! తోలు బెల్టులోని తూటాల ఇత్తడి అంచులకైతే పచ్చగా చిలుము.

సంచి, బెల్టు ఇప్పుడు గోడకు అలంకారం. తుపాకీ మాత్రం గోడకు బిగించిన ఇనప బీరువాలో, పలచగా గన్ ఆయిల్ పూసి, తాళంలో ఉంది. కొబ్బరినూనె చాలన్న మా పెదనాన్నకు దండం పెట్టాను, అది బంకకడుతుంది. లోపల చెమ్మ పీల్చే సిలికా జెల్ గింజల మూట అరకిలోది, చిన్న తేమ మీటరు పెట్టాను. మొదటిరోజు 78 శాతం, ఇప్పుడు 50 దగ్గర ఆడుతోంది. నారింజరంగు జెల్ గింజలు చెమ్మ పట్టి ఆకుపచ్చకు తిరిగితే పాత మూకుడులో సన్న సెగ మీద వేడిచేస్తే మళ్లీ రంగు వస్తోంది. ఆ మూకుడు వంటకు ముట్టుకోవద్దని అమ్మకు గట్టిగా చెప్పాను.

తూటాలు వేరే గదిలో, రబ్బరు అంచున్న డబ్బాలో, వేరే తాళంతో. వాటికి నూనె తగలనివ్వలేదు, లోపలికి దిగితే పేలవట. ఉబ్బిన పాత కాగితపు తూటాలు ఏడింటిని లైసెన్సున్న డీలరుకు అప్పగించాను. తాళంచెవులు నా మొలతాడుకే.