చీలమండ విరిగిన నాన్నగారికి స్లాబ్ వేసి వారం ఆగమన్నారు: ఈ ఆలస్యం సరైనదేనా?

ప్రశ్న (తణుకు అబ్బాయి):
నమస్కారం. మా నాన్నగారికి 61 ఏళ్లు, 12 ఏళ్లుగా షుగర్ ఉంది. ఆదివారం వానకు తడిసిన మేడమెట్ల మీద జారిపడ్డారు. లేవదీసేసరికి కుడి పాదం పక్కకు తిరిగిపోయి ఉంది. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగారు ఎక్స్‌రే తీయకముందే మత్తు ఇచ్చి పాదాన్ని లాగి సరిచేశారు, మోకాలి కింది నుంచి వేళ్ల దాకా కాలి వెనకవైపు మాత్రమే ఉండే సగం పిండికట్టు (స్లాబ్) వేశారు, ఆ తరువాతే ఎక్స్‌రేకు పంపారు. చీలమండలో మూడు చోట్ల విరిగిందనీ, ప్లేటూ స్క్రూలూ వేయక తప్పదనీ, అయితే వాపు దిగేదాకా వారం పది రోజులు ఆగాలనీ చెప్పి ఇంటికి పంపించారు. ఎక్స్‌రే చూడకుండా పాదం లాగడం తప్పు కాదా? ఆపరేషన్ ఖాయమైనప్పుడు వెంటనే ఎందుకు చేయరు? పూర్తి కట్టు వేయకుండా సగం కట్టుతో ఎముక కదలదా? మా పెద్దనాన్నగారేమో ఈలోగా పుత్తూరు వెళ్లి కట్టు కట్టిద్దామంటున్నారు.

సమాధానం (ఎముకల వైద్యుడు, విశాఖ):
పాదం కంటికి కనిపించేంతగా పక్కకు తిరిగి, లోపలి ఎముక అంచు చర్మాన్ని గుడారంలా పైకి నెడుతున్నప్పుడు ఎక్స్‌రే కోసం గంటసేపు వరుసలో కూర్చోబెట్టడమే తప్పవుతుంది. అలా సాగిన చర్మానికి రక్తం అందదు. తెల్లబడి, తరువాత నల్లబడి చచ్చిపోతుంది. కనుక మీ డాక్టరుగారు చేసింది సరైన పనే. సరిచేశాక ఎక్స్‌రే తీయించడమూ అంతే ముఖ్యం, ఎందుకంటే పైకి పాదం తిన్నగా కనిపించినా లోపల తలస్ (చీలమండ కీలులో పాదం వైపు ఎముక) టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) కిందికి పూర్తిగా చేరిందో లేదో అందులోనే తెలుస్తుంది. తలస్ 1 మిల్లీమీటరు బయటికి జరిగితే చాలు, కీలులో ఎముకలు ఒకదానినొకటి తాకే వైశాల్యం సగటున 42 శాతం తగ్గుతుందని రామ్సే, హామిల్టన్ అనే వైద్యులు 1976లోనే కొలిచి చూపారు.

ఇక ఆగడం గురించి. చీలమండ చుట్టూ కండ ఉండదు, చర్మం కిందే ఎముక. వాచి బిగిసిన చర్మాన్ని కోస్తే కుట్లు కలవవు, పుండు విచ్చుకుని ప్లేటు బయటపడవచ్చు, షుగర్ ఉన్నవారిలో ఆ భయం ఇంకా ఎక్కువ. అందుకే దెబ్బ తగిలిన తొలి గంటల్లో, వాపు పెరగకముందే చేస్తాం. ఆ అవకాశం దాటితే చర్మం మీద మళ్లీ సన్నని ముడతలు కనిపించేదాకా ఆగుతాం. బొబ్బలు లేస్తే, ముఖ్యంగా రక్తం నిండినవైతే, వాటి మీదుగా కోత పెట్టం. అలాగని మూడు నాలుగు వారాలు సాగదీస్తే విరిగిన చోట కొత్త ఎముక అల్లుకుని, ముక్కలను అమర్చడం కష్టమవుతుంది. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చిన సందర్భం వేరు. అక్కడ ఇలా ఆగడం ఉండదు.

స్లాబ్‌లో కీలు నిలవకుండా మళ్లీ మళ్లీ జారుతున్నా, చర్మం బాగా దెబ్బతిన్నా, టిబియాలోనూ మడమ ఎముకలోనూ పిన్నులు దించి వాటిని బయట కడ్డీలతో కలిపే ఫిక్సేటర్ వేస్తాం. దాన్ని చూసి బంధువులు కంగారు పడతారు గానీ, చర్మాన్ని రోజూ చూసుకోవడానికి దానిని మించిన వీలు లేదు.

సమాధానం (కట్ల గది సీతారాం):
నేను ప్లాస్టర్ టెక్నీషియన్‌ని. సగం కట్టు వేసేది పొదుపు కోసం కాదండీ. చుట్టూ మూసిన పిండికట్టు గట్టిపడ్డాక సాగదు. లోపల కాలు వాస్తే ఆ ఒత్తిడి కండ మీదా నరాల మీదా పడుతుంది. స్లాబ్‌కు ముందువైపు దూది, క్రేప్ బ్యాండేజే ఉంటాయి కాబట్టి వాపుకు చోటు దొరుకుతుంది. వెనక స్లాబ్ ఒక్కటే పాదం పక్కలకు తిరగకుండా పూర్తిగా ఆపలేదు, కనుక ఇలాంటి విరుగుళ్లలో మడమ కిందుగా రెండు పక్కలా ఎక్కే యు ఆకారపు పట్టీ కూడా వేస్తాం. పాదం పిక్కకు 90 డిగ్రీల్లో ఉండాలి.

నొప్పి మందులకు లొంగకుండా పెరుగుతున్నా, వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, మనం వాటిని పైకి వంచితే తట్టుకోలేకపోయినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ బ్యాండేజ్‌తో పాటు దూదిని కూడా చర్మం కనిపించేదాకా నిలువునా కోయాలి, రక్తం పీల్చి ఎండిన దూది పిండికట్టంత బిగుసుకుంటుంది మరి. ఇంట్లో మాత్రం మీరు స్లాబ్ ఊడదీయకండి, పాదం మళ్లీ జారిపోతుంది. ఇంకో మాట: షుగర్ వల్ల పాదం మొద్దుబారి ఉంటే నొప్పి లేదని నిశ్చింతగా ఉండకూడదు, మూడు నాలుగు గంటలకోసారి వేళ్ల రంగు, వెచ్చదనం మీరే చూడాలి. దిండ్లు పిక్క కింద పెట్టి కాలు ఎత్తులో ఉంచండి, మడమ మాత్రం దేనికీ ఆనకుండా గాలిలో ఉండాలి.

పుత్తూరు కట్టుకు మా ఇంట్లోనూ నమ్మకం ఉంది, దాన్ని తీసిపారేయను. కానీ జారిన కీలును ఎక్స్‌రేలో చూసి నిలబెట్టాక ఆ స్లాబ్ విప్పడమే ప్రమాదం, పైగా పచ్చివాపు మీద చుట్టూ బిగించే కట్టు ఎవరు కట్టినా ప్రమాదమే.

సమాధానం (నడకబాట):
నాకు రెండేళ్ల క్రితం ఇదే జరిగింది. నా కాలికి పూర్తి కట్టు వేసి పంపారు; రెండో రాత్రి భరించలేక వేరే ఆసుపత్రికి వెళ్తే కోసి తీశారు, అప్పటికే చీలమండ లోపలివైపు రెండు బొబ్బలు లేచాయి. ఆపరేషన్ 16వ రోజుకు గానీ కుదరలేదు. ఆ కాలు నేల మీద అసలు మోపనివ్వకండి, బాత్‌రూముకైనా వాకర్ ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్ అవసరమా అని మీ డాక్టరుగారిని ఒకసారి అడగండి.

తణుకు అబ్బాయి:
అందరికీ కృతజ్ఞతలు. వేళ్లు వెచ్చగా, గులాబీ రంగులోనే ఉన్నాయి. మడమ దగ్గర మాత్రం కాస్త మంటగా ఉందని నాన్నగారు నిన్నటి నుంచి అంటున్నారు. ఆపరేషన్ రోజు ఎలాగూ విప్పుతారు కదా అని మేం ఊరుకున్నాం.

కట్ల గది సీతారాం:
ఊరుకోవద్దండీ, ఈ రోజే తీసుకెళ్లండి. మంట అనేది లోపల ఒరుసుకుంటోందని చెప్పే గుర్తు. అక్కడ పుండు పడితే మంట ఆగిపోతుంది, అప్పుడు మీకు తెలియను కూడా తెలియదు.

తణుకు అబ్బాయి:
సాయంత్రం వెళ్లి వచ్చాం. మడమ దగ్గర దూది పక్కకు జరిగి, రూపాయి బిళ్లంత మేర చర్మం ఎర్రబడింది గానీ చిట్లలేదు. ఒకరు పాదాన్ని కదలకుండా పట్టుకోగా మరొకరు దూది మందంగా వేసి కొత్త స్లాబ్ కట్టారు, మళ్లీ ఎక్స్‌రే తీశారు. కీలు జారలేదు. శుక్రవారం చర్మం చూసి తేదీ చెబుతామన్నారు.