ఉద్యోగంలో చేరి నాలుగేళ్ల తొమ్మిది నెలలయింది, ఇప్పుడు మానేయాలా?

ప్రశ్న: విజయవాడలో ఒక డీలర్ దగ్గర అకౌంట్స్ చూస్తాను. బేసిక్ 26,000. సొంతిల్లు, అమ్మ వంట. జీతం పెంచమంటే ఓనరు గారు దసరాకన్నారు, తర్వాత సంక్రాంతికన్నారు. ఏ సంక్రాంతో చెప్పలేదు! ఇప్పుడు హైదరాబాద్ నుంచి 8 లక్షల సీటీసీతో (ఏడాదికి కంపెనీ నా మీద పెట్టే మొత్తం ఖర్చు) ఆఫర్ వచ్చింది. నెలలో చేరాలట. ఇక్కడ నోటీసు 60 రోజులు. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు.

జవాబు: మీ దగ్గర పదిమందికి పైగా పనిచేస్తున్నారా? అయితే మూడు నెలలు ఆగండి తమ్ముడూ. 5 ఏళ్లు నిండితే గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు కంపెనీ ఒకేసారి ఇచ్చే డబ్బు, వస్తుంది. బేసిక్‌ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించండి. మీకు 75,000. నోటీసు కాలం కూడా సర్వీసే కాబట్టి నెలాగి రాజీనామా ఇచ్చినా సరిపోతుంది, తేదీలు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

జవాబు: సీటీసీ చూసి మురిసిపోకండి. కంపెనీ వాటా పీఎఫ్, వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చేది) అందులోనే కలిపేస్తారు. చేతికెంతో రాతపూర్వకంగా అడగండి. హైదరాబాద్‌లో అద్దె కట్టాక ఎంత మిగులుతుందో లెక్కేశారా?

ప్రశ్న అడిగినవారు: మేం పద్నాలుగుమందిమి. కొత్త కంపెనీ హెచ్ఆర్‌కి ఫోన్ చేశాను, మూడు నెలల గడువిచ్చారు. చేతికి నెలకు 54,000 అట. వెళ్తున్నాను. అమ్మకింకా చెప్పలేదు.