‘ఇన్ కామన్ పార్లెన్స్’ అనాలా, ‘ఇన్ లోకల్ పార్లెన్స్’ అనాలా?

మాది బరంపురం. గంజాం జిల్లా మొగలిపూల మీద కాలేజీ ప్రాజెక్టుకు ఇంగ్లిష్‌లో నాలుగు పేజీలు రాశాను. సోమవారం ఇచ్చేయాలి. ఒక్క వాక్యం దగ్గర మాత్రం మూడు రోజులుగా ఆగిపోయాను.

మొదట రాసింది ఇది: ‘పాండనస్ ఈజ్ కాల్డ్ యాజ్ కేవ్డా ఇన్ ఎ కామన్ పార్లెన్స్’. పాండనస్ అంటే మొగలి శాస్త్రీయ నామం, ‘పార్లెన్స్’ అంటే వాడుక భాష. మనం ‘అని పిలుస్తారు’ అంటాం కదా, ఆ ‘అని’యే ‘యాజ్’ అయి కూర్చుంది. ‘కాల్డ్’ పక్కన ‘యాజ్’ అక్కర్లేదని, ‘కామన్ పార్లెన్స్’కు ముందు ‘ఎ’ రాదని డిక్షనరీ ఉదాహరణలు చూశాక అర్థమైంది. ‘ఈజ్ నోన్ ఇన్ కామన్ పార్లెన్స్ యాజ్ కేవ్డా’ అని మార్చాను. ఇంతవరకూ ధైర్యంగానే ఉన్నాను.

చిక్కంతా తర్వాతి వాక్యంలో. ఇంట్లో మేం మొగలి అంటాం, పక్కింటి ఒడియావాళ్లు కియా అంటారు, అత్తరు బట్టీల దగ్గర కేవ్డా. లా చదివే ఫ్రెండ్‌ని అడిగితే, పన్ను కేసుల్లో ‘కామన్ పార్లెన్స్’ అంటే బజారులో మామూలు జనం అనుకునే అర్థం అంది. తమలపాకు కూరగాయ కాదని 1961లో సుప్రీంకోర్టు చెప్పింది ఆ లెక్కనేనట. అలా చూస్తే, మా ఊళ్లో తెలుగు ఇళ్లలోనే వినబడే మొగలిని ‘కామన్’ అనడం తప్పేమో. ‘లోకల్’ అని రాస్తే అమ్మ నోటి మాట చిన్నబోయినట్టుంది. స్పెల్ చెకర్ రెండిటికీ గీత పెట్టడం లేదు.

మొగలి అనే పేరు చెప్పేచోట ఈ రెండిట్లో ఏది రాస్తే సరైన ఇంగ్లిష్ అవుతుంది?