జెబూబా, జెబూలా?

అడిగినవారు: మా నాయనమ్మ కంఠతా చెప్పే బైబిలు వాక్యం ఒకటి మూడు రోజులుగా వెంటాడుతోంది. "ఇంటి యజమానునికి … అని వారు పేరు పెట్టియుండినయెడల…" ఆ దయ్యాల అధిపతి పేరు బయెల్జెబూబా, బయెల్జెబూలా? చెప్పేటప్పుడు ఆవిడ పెదవులు రెండుసార్లు కలిసినట్టు గుర్తు. అలాగైతే చివర బు ఉండాలి కదా.

తెనాలి మాస్టారు: మత్తయి 10:25. అక్కడ లు. బు ఉన్నది రెండవ రాజులు మొదటి అధ్యాయంలో. మేడగదిలోంచి పడి మంచం పట్టిన ఇశ్రాయేలు రాజు అహజ్యా "ఎక్రోను దేవతయగు బయల్జెబూబు" దగ్గరికి మనుషుల్ని పంపుతాడు, దారిలో ఏలీయా ప్రవక్త ఎదురవుతాడు.

పాతపుస్తకాలు: మాస్టారూ, అంత తేలిగ్గా వదలకండి. సువార్తల గ్రీకు ప్రతుల్లో లు, లాటిన్ బైబిలైన వుల్గాతలో బు, 1611 ఇంగ్లీషు బైబిల్లోనూ బు. మన అనువాదం గ్రీకు పక్కన నిలబడింది. నా మటుకు లు యే అసలుది. సిరియాలోని రాస్ షమ్రాలో 1929 నుంచి తవ్వితే బయటపడ్డ ఉగారిత్ అనే ప్రాచీన నగరపు పలకల్లో బయలు దేవుడికి 'జ్బ్ల్' అని బిరుదు, అంటే రాజు. ఆ బిరుదును వెక్కిరింపుగా 'జెబూబ్', అంటే ఈగ, అని తిప్పారు. ఒక్క అక్షరంతో రాజు ఈగల రాజయ్యాడు.

తెనాలి మాస్టారు: వెక్కిరింపే అయితే పాత నిబంధన గ్రీకులోకి తెచ్చినవాళ్లు నిజమనుకుని 'ఈగ' అనే ఎందుకు రాశారు? పైగా హీబ్రూలో 'జెబూల్' అంటే నివాసం కూడా. బయలు అంటే యజమాని. రెండూ కలిపితే ఇంటి యజమాని! మత్తయిలో "ఇంటి యజమానునికి" అన్న మాట ఊరికే పడలేదు, అది శ్లేష. బు పెడితే ఆ శ్లేష చచ్చిపోతుంది.

పద్యప్రియ: ఛందస్సు ఏమైనా తీరుస్తుందేమోనని చూశాను. ఆ పేరు ల గు ల గు ల. ఉత్పలమాలలో మూడో అక్షరం నుంచి, చంపకమాలలో నాలుగో అక్షరం నుంచి అచ్చంగా ఇముడుతుంది. బు అయినా లు అయినా లఘువే కాబట్టి గణం పలకదు. కానీ ఇంత చక్కగా వృత్తంలో కూర్చునే విదేశీ పేరు నాకు ఇంకొకటి తగల్లేదు.

డాలస్ నుంచి: మంత్రగ్రంథాల సంగతి ఎవరూ ఎత్తలేదేం? సొలొమోను రాజు పేరు మీద వచ్చిన 'సొలొమోను నిబంధన' అనే పాత గ్రీకు పుస్తకంలో దయ్యాల అధిపతి పేరు లు తోనే ఉంది. సొలొమోను ఉంగరం మహిమతో అతన్ని లొంగదీసి, ఆలయానికి రాళ్లు కోయిస్తాడు. 'సొలొమోను చిన్న తాళంచెవి' అనే 17వ శతాబ్దపు మంత్రగ్రంథంలో 72 మంది దయ్యాల పట్టీలో ఈ పేరే లేదు. మొదటి రాజు ఉత్త 'బాయెల్': కప్ప, మనిషి, పిల్లి రూపాలు, బొంగురు గొంతు, 66 దండులు, మనిషిని కనబడకుండా చేసే విద్య. తోక ఊడి తల మిగిలింది. బొమ్మల్లో మాత్రం బు దే గెలుపు. 1863 నాటి ఫ్రెంచి నరక నిఘంటువులో లూయీ లె బ్రెతోఁ పెద్ద ఈగను గీసి, రెక్కల మీద పుర్రెలు పెట్టాడు.

పద్యప్రియ: బొమ్మ కావాలంటే ఇంగ్లీషు కవి మిల్టన్ 'ప్యారడైజ్ లాస్ట్' రెండో సర్గ చదవాలి. నరకపు సభలో ఈ దయ్యం లేచి నిలబడితే రాజ్యానికి స్తంభంలా ఉంటాడు, నోరు విప్పకముందే వేసవి మధ్యాహ్నపు గాలిలా అంతా నిశ్శబ్దం. అక్కడ ఈగ వాసనైనా లేదు. చూపు పోయిన కవి 1667లో అచ్చువేసిన కావ్యం, ఆ లేచి నిలబడడాన్ని ఎలా చూశాడో!

పాతపుస్తకాలు: మిల్టన్ రాసింది బు తోనే అమ్మా.

తెనాలి మాస్టారు: సువార్తలో "దయ్యములకు అధిపతి", రాజుల గ్రంథంలో "దేవత". మన దయ్యం కూడా దైవం తద్భవమే. ఎక్రోను దేవుడికి పట్టిన గతే ఆ మాటకూ పట్టింది. నాకు బు, లు కంటే ఇదే పెద్ద సంగతి.

అడిగినవారు: ఇవాళ నాయనమ్మ పుస్తకం తీశాను. మత్తయి పుటలో ఏ గుర్తూ లేదు. రెండవ రాజులు మొదటి పుట మాత్రం అంచులు నలిగి, నూనె మరకతో మెత్తబడి ఉంది. ఏలీయా కథంటే ఆవిడకు ప్రాణం.

పాతపుస్తకాలు: అయితే ఆవిడ బు ని రాజుల గ్రంథంలోంచి తెచ్చి మత్తయిలో పలికి ఉండాలి.

తెనాలి మాస్టారు: లేదా మీరే పెదవులు తప్పు లెక్కపెట్టి ఉండాలి. బూ దగ్గర ఎలాగూ ఒకసారి కలుస్తాయి. మొదటి బ సంగతి మరిచారా?