తొలి కాన్పు నొప్పులు ఎంతసేపు ఉంటాయి? అనుభవం ఉన్నవారు చెప్పండి

చంద్రగిరి చెల్లి:
మా అక్కకు తొలిచూలు. 38వ వారం నడుస్తోంది, పుట్టింటికి వచ్చి మా దగ్గరే ఉంది. తిరుపతి ప్రసూతి ఆసుపత్రిలో చూపిస్తున్నాం. నొప్పులు ఎన్ని గంటలు ఉంటాయని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. ఆరేడు గంటలు దాటితే ఆపరేషన్ చేయమని అడగండి అంటున్నారు వాళ్ల అత్తగారు. అక్కకు ఈ దిగులుతో నిద్ర పట్టడం లేదు.

పీలేరు అమ్మ:
నాకు రాత్రి భోజనాలయ్యాక నడుములో మొదలైంది. తెల్లవార్లూ వస్తూ పోతూ ఉంది. ఆసుపత్రికి వెళితే గర్భసంచి నోరు రెండు సెంటీమీటర్లే తెరుచుకుందన్నారు. నడవమన్నారు, తేలికగా ఏదైనా తినమన్నారు. ఓర్వలేని నొప్పులు సాయంత్రం పట్టుకున్నాయి, రాత్రికి పాప పుట్టింది. ఇప్పుడు నా నొప్పులు ఒక రోజు అనాలా, ఆరు గంటలు అనాలా?

చిత్తూరు స్టాఫ్ నర్సు:
అసలు ప్రశ్న మీరే అడిగారమ్మా. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకే ఇళ్లలో ఇంత కంగారు. తొలి కాన్పులో గర్భసంచి నోరు ముందు మెత్తబడి పలచబడాలి, ఆ తర్వాతే చకచకా తెరుచుకుంటుంది. ఆ మొదటి దశ కొందరికి కొన్ని గంటలు, కొందరికి ఒక రోజు పైనే. దానికి గడువు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల ప్రకారం అయిదు సెంటీమీటర్ల నుంచి చురుకైన దశ. తొలి కాన్పులో అది సాధారణంగా 12 గంటలు దాటదు. పూర్తిగా, అంటే పది సెంటీమీటర్లు తెరుచుకున్నాక బిడ్డ బయటికి రావడానికి మూడు గంటల వరకు పట్టవచ్చు. గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోవాలన్న పాత లెక్క అందరికీ వర్తించదని కూడా ఆ సూచనల్లోనే ఉంది.

ఇంతసేపూ ఊరికే వదిలేయం. పొట్ట మీద అరచెయ్యి ఆనించి, గడియారం చూస్తూ పది నిమిషాల్లో ఎన్ని నొప్పులు వచ్చాయో, ఒక్కొక్కటి ఎన్ని సెకన్లు ఉందో లెక్కపెడతాం. బిడ్డ గుండె చప్పుడు పావుగంటకో అరగంటకో వింటాం, ముక్కే సమయంలో అయిదు నిమిషాలకోసారి. నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి. తల్లి నాడి, రక్తపోటు, జ్వరం, ఉమ్మనీరు రంగు, అన్నీ ఒకే కాగితం మీద గీతలుగా ఎక్కుతాయి. దాన్నే పార్టోగ్రాఫ్ అంటాం. ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది ఆ కాగితం చూసి నిర్ణయించాలి, వరండాలో కూర్చున్నవారి ఓపికను చూసి కాదు.

పుత్తూరు వదిన:
కాగితం సంగతి బాగుంది గానీ, మా ఆడపడుచును చేర్చిన చోట వచ్చిన ప్రతివారూ లోపలి పరీక్ష చేశారు. పాపం, నొప్పులకన్నా దానికే ఎక్కువ ఏడ్చింది.

చిత్తూరు స్టాఫ్ నర్సు:
అలా చేయకూడదమ్మా. అవసరం పడితే తప్ప నాలుగు గంటలకోసారి చాలు. ఉమ్మనీరు పోయాక పదే పదే చేస్తే ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఎందుకు చేస్తున్నారని అడగండి, అడిగే హక్కు మీకుంది.

రేణిగుంట నాన్న:
మా ఆవిడకు ఎనిమిది సెంటీమీటర్ల వరకు అంతా సవ్యంగానే సాగింది. ఆ తర్వాత నొప్పి వచ్చిన ప్రతిసారీ బిడ్డ గుండె వేగం తగ్గిపోతూ వచ్చింది. డాక్టరమ్మ యంత్రం నుంచి వచ్చిన కాగితం మీద ఆ పల్లాలను వేలితో చూపించి, ఆపరేషన్ ఎందుకో మా ఇద్దరికీ చెప్పారు. బిడ్డ క్షేమం. గంటలు లెక్కపెట్టి తొందరపడి ఉంటే ఆ ఆపరేషన్‌కు అర్థం ఉండేది కాదు, ఆలస్యం చేసి ఉంటే బిడ్డ దక్కేది కాదు. అత్తగారికి ఈ మాట చెప్పండి చెల్లెమ్మా. కాన్పు గదిలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనిస్తారేమో ముందే కనుక్కోండి. మా అత్తగారు నడుము నిమురుతూ పక్కనే ఉండటం ఆమెకు కొండంత ధైర్యం.

చంద్రగిరి చెల్లి:
అందరికీ నమస్కారాలు. అక్కకు అన్నీ చదివి వినిపించాను. ఇంట్లో ఎంతవరకు ఆగవచ్చు? ఉమ్మనీరు పోయి నొప్పులు రాకపోతే?

చిత్తూరు స్టాఫ్ నర్సు:
నొప్పులు అయిదు నిమిషాలకోసారి క్రమంగా వస్తుంటే బయలుదేరండి. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా ఆగకూడదు. ఏ సమయానికి పోయిందో, ఏ రంగులో ఉందో రాసుకుని రండి. నీరు ఆకుపచ్చగా ఉన్నా, రక్తం పోతున్నా, బిడ్డ కదలిక తగ్గినా గడియారం చూడకుండా 108కి ఫోను చేయండి.