“వాటి వాటి జాతి ప్రకారము” – ఇది ఏ జాతి?

సండే స్కూల్లో ఆదికాండం మొదటి అధ్యాయం చెబుతున్నాను. ఇంటర్ బైపీసీ పిల్లాడు ఒకడు లేచి, “టీచర్, ‘వాటి వాటి జాతి ప్రకారము’ అని ఉంది కదా. మా పుస్తకంలో పులి ఒక జాతి, సింహం ఇంకో జాతి. లక్షల జాతులుంటే నోవహు ఓడ ఎలా సరిపోయింది?” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఇక్కడ ‘జాతి’ అంటే అసలు ఏమిటండీ?

రిటైర్డ్ జువాలజీ లెక్చరర్:
అమ్మా, మీవాడు అడిగింది మంచి ప్రశ్న. మా పాఠాల్లో జాతి, దాని పైన ప్రజాతి, ఆ పైన కుటుంబం. బైబిల్‌ను తెలుగు చేసినవాళ్లు ఈ మెట్లు లెక్కపెట్టుకుని రాయలేదు. హీబ్రూలో ఉన్న మాట ‘మీన్’ (చేప కాదు లెండి).

బైబిల్ సృష్టికథ అక్షరాలా నిజమని నమ్మే సృష్టివాదులకూ ఇదే టెన్షన్ వచ్చింది. 1941లో ఫ్రాంక్ మార్ష్ అనే అమెరికన్ ‘బారా’, ‘మీన్’ కలిపి ‘బారామిన్’ అనే మాట కుట్టాడు. సృష్టించబడిన రకం అని ఆయన ఉద్దేశం. కానీ ‘బారా’ అంటే ‘సృష్టించెను’, అది క్రియ. ‘వండెను కూర’ అని రాసి ‘వండిన కూర’ అని చదువుకోమన్నట్టుంది! 1990లో కర్ట్ వైజ్ అనే ఇంకో సృష్టివాది దీన్నే ‘బారామినాలజీ’ అనే వర్గీకరణ పద్ధతిగా ముందుకు తెచ్చాడు.

వాళ్ల ముఖ్యమైన గుర్తు సంకరం. రెండు జంతువులకు పిల్ల పుడితే రెండూ ఒకే బారామిన్. గుర్రానికీ గాడిదకూ కంచర గాడిద పుడుతుంది కాబట్టి అవి రెండూ ఒకటి, జీబ్రా కూడా వాటితోనే. పులి, సింహం ఒకటి. 1998లో దుబాయ్‌లో కృత్రిమ గర్భధారణతో ఒంటెకూ, లామా అనే దక్షిణ అమెరికా జంతువుకూ పిల్లను పుట్టించారు, కాబట్టి అవీ ఒకటే. పిల్ల పుట్టకపోతే మాత్రం వేరని తేల్చరు. అలా పోగుచేసుకుంటూ పోతే చాలాచోట్ల బారామిన్ వెళ్లి మా ‘కుటుంబం’ దగ్గర ఆగుతుంది. మనిషిని మాత్రం ఏ కోతితోనూ కలపరు.

ఓడ సంగతీ ఇక్కడే తేలుతుంది. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో 2016లో తెరిచిన ఓడ నమూనా కట్టినవాళ్ల లెక్క సుమారు 1,400 రకాలు, 7,000 లోపు జంతువులు.

జీవశాస్త్రం దీన్ని ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. ఈ లెక్కన ఇంటి పిల్లి నుంచి పులి దాకా 40 దాకా జాతులు ఓడ ఎక్కిన ఒక్క జంట నుంచి, వాళ్ల లెక్కలో జలప్రళయం తర్వాతి 4,500 ఏళ్లలోపే విడిపోవాలి. పరిణామమే లేదనేవాళ్లకు ఇంత వేగమైన పరిణామం కావాల్సి వచ్చింది! డీఎన్ఏ చూస్తే ఇప్పటి పిల్లులన్నిటికీ ఉమ్మడి పూర్వీకుడు కోటి ఏళ్ల కిందటివాడు.

తెలుగు మాస్టారు:
సర్ చెప్పింది బాగుంది. నా గొడవంతా మాటతోనే. తెలుగులో ‘జాతి’ ఎంతకైనా సాగుతుంది, ఎంతకైనా ముడుచుకుంటుంది. ‘జాతి కుక్క’, ‘ఒంగోలు జాతి గిత్త’ అన్నప్పుడు అది సైన్సు జాతి కన్నా చిన్నది. ‘పక్షిజాతి’ అంటే కుటుంబం కన్నా పెద్దది. ఛందస్సులో కందం కూడా జాతే. ‘జన్’ ధాతువు నుంచి వచ్చిన మాట, పుట్టుక చుట్టూ ఎటైనా తిరుగుతుంది.

‘మీన్’ కూడా అంతే అనుకుంటాను. లేవీయకాండం 11లో తినదగిన మిడతలకు నాలుగు పేర్లు చెప్పి, హీబ్రూలో ఒక్కోదానికీ విడిగా ‘మీన్’ తగిలించారు. మిడతల్లోనే నాలుగు! అదే అధ్యాయంలో కాకి దగ్గర మన అనువాదకులు ‘జాతి’ వదిలేసి ‘ప్రతి విధమైన కాకి’ అన్నారు. ఒకే మాటకు అక్కడ జాతి, ఇక్కడ విధం. దాన్ని ఏదో ఒక మెట్టు మీద మేకు కొట్టి నిలబెట్టడం మనవాళ్లూ చేయలేదు.

ప్రశ్న అడిగినావిడ:
ఇద్దరికీ థాంక్స్ అండీ. అయితే వచ్చే ఆదివారం ‘జాతి’ అనకుండా ‘రకం’ అని చెప్తాను.

ఇంకొకరు:
అక్కా, మాది వరి పండించే ఊరు. ఇక్కడ స్వర్ణ ఒక రకం, సాంబమసూరి ఒక రకం. ‘రకం’ అన్నారంటే మా పిల్లలకు ఓడ నిండా వడ్ల బస్తాలే కనిపిస్తాయి.