రెడ్ వైన్ పీపాలో పండిన సింగిల్ మాల్ట్ విస్కీ: మన ఎండల్లో ఎట్టా రుచి చూస్తున్నారు?

పెన్నా గట్టు:
అన్నలారా, ఒక సంగతి తేల్చుకోవాలని రాస్తున్నా. మెల్‌బోర్న్‌లో ఉండే మా బావమరిది మొన్న సెలవులకొస్తా చెన్నైలో దిగాడు. మనిషికి 2 లీటర్ల మందు తెచ్చుకోనిస్తారు గదా, అందులో ఒక సీసా స్టార్‌వార్డ్ నోవా నా కోసం తెచ్చాడు. వాళ్ళ ఊళ్ళోనే తయారయ్యే సింగిల్ మాల్ట్, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తించిన బార్లీతో చేసిన విస్కీ, ఆల్కహాల్ 41 శాతం. మొదట్నుంచీ చివరిదాకా ఆస్ట్రేలియా రెడ్ వైన్ పీపాల్లోనే పండుతుందంట.

శనివారం రాత్రి ఎనిమిదింటికి మిద్దె మీద కూర్చున్నాం. మే నెల, గాలి లేదు, పిట్టగోడ మీద చెయ్యి పెడితే ఇంకా కాలతానే ఉంది. గ్లాసులో పోసి రంగు చూసి మురిసిపోయా. పాత వెంకటగిరి చీర జరీ రాగి తేలితే ఎట్టా ఉంటుందో ఆ రంగు. ముక్కు దగ్గరికి తెస్తే మాత్రం స్పిరిట్ ఘాటు తప్ప ఇంకేం అందలా. ఒక గుక్క తాగితే పచ్చి నేరేడుకాయ కొరికినట్టు నాలుక పక్కలు పట్టేశాయి. ఐస్ వేశా, వగరు ఇంకా తెలిసింది. ఇన్నేళ్ళుగా గ్లెన్‌ఫిడిక్ 12 అనే స్కాచ్ తాగుతున్నా, ఎప్పుడూ ఇట్టా కాలేదు. లోపం సీసాలో ఉందా, నేను తాగిన తీరులో ఉందా? అంత దూరం నుంచి ప్రేమగా మోసుకొచ్చాడు. రుచి తెలుసుకోకుండా అవగొట్టడం నాకిష్టం లేదు.

కావలి స్టేషన్ రోడ్డు:
ముందు వేడి సంగతి చూడన్నా. రూమ్ టెంపరేచర్‌లో తాగమని పుస్తకాల్లో రాసేది చలిదేశపు గదిని బట్టి, అంటే 18 నుంచి 20 డిగ్రీలు. మే నెలలో మన మిద్దె మీద ఆ వేళకి 30 దాటే ఉంటుంది. ఆ వేడికి ఆల్కహాల్ ముందు లేచి ముక్కుని కమ్మేస్తుంది, పండ్ల వాసనలు దాని వెనక దాక్కుంటాయి.

పోయిన ఎండాకాలం నేను ఒకే సీసాలోంచి రెండు గ్లాసులు పోసి చూశా. సీసా ఇంద్రి ట్రినీ, మన దేశపు సింగిల్ మాల్టే. హర్యానాలో ఇంద్రి అనే ఊళ్ళో చేస్తారు, 46 శాతం. బర్బన్ (అమెరికా మొక్కజొన్న విస్కీ) పట్టిన పీపా, ఫ్రెంచ్ వైన్ పీపా, పీఎక్స్ షెర్రీ (స్పెయిన్ తీపి వైన్) పీపా, ఈ మూడింట్లో పండినది కలుపుతారు. ఒక గ్లాసు వరండాలో పెట్టా, ఇంకోటి 22లో ఏసీ వేసిన గదిలో. గంట తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి వాసన చూస్తే ఒకే సరుకంటే నమ్మలేం. వరండా గ్లాసు కళ్ళల్లో నీళ్ళు తెప్పించింది. గదిలో గ్లాసు నుంచి ఎండుద్రాక్ష, ఏలక్కాయ, కాస్త కాలిన చక్కెర, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

సీసాని తాగే ముందు రెండు గంటలు ఏసీ గదిలో ఉంచు. ఫ్రిజ్ వద్దు. ఐస్ అసలొద్దు. చల్లబడేకొద్దీ తీపి, వాసన వెనక్కి పోయి చేదూ వగరూ మిగుల్తాయి. మీ మిద్దె మీద జరిగింది అదే.

పొగాకు బ్యారన్:
తమ్ముడూ, సీసాలో లోపం లేదు. నీకు తెలిసిన వగరే అది, కొత్తగా వచ్చిన చోట తగిలింది. నేరేడుకాయలో, పచ్చి వక్కలో, బాగా మరిగిన టీ డికాషన్‌లో ఉండేదీ ఇదీ ఒకటే జాతి, టానిన్ అంటారు. గ్లెన్‌ఫిడిక్ 12 ఎక్కువగా పండేది అమెరికా ఓక్ చెక్కతో చేసిన బర్బన్ పీపాల్లో, కొంత షెర్రీ పీపాల్లో. అమెరికా ఓక్ వెనీలా, కొబ్బరి లాంటి మెత్తని వాసనలిస్తుంది. రెడ్ వైన్‌కి వాడేది ఎక్కువగా ఫ్రెంచ్ ఓక్. ఆ చెక్కలో టానిన్ ఎక్కువ, దాని మీద ద్రాక్ష తొక్కల్లోంచి వైన్‌లోకి దిగిన టానిన్ కూడా చెక్క పీల్చుకుని ఉంటుంది.

మా అమ్మ చేపల పులుసుకి ఒక మట్టి దాక వేరే పెట్టేది. ఎంత కడిగినా, ఉత్త నీళ్ళు కాచినా అందులో చింతపండు, మెంతి వాసన తేలేది. మట్టి తాగేసిన పులుసు అది. పీపా చెక్క కూడా అంతే, లోపలి ముఖం మీద కొన్ని మిల్లీమీటర్ల మందాన వైన్ ఇంకిపోతుంది. తర్వాత పోసిన విస్కీ దాన్ని మెల్లగా బయటికి లాక్కుంటుంది. పీపా పరిమాణం కూడా చూడాలి. ఫ్రాన్స్‌లో బోర్డో వైన్ పీపా 225 లీటర్లు, బట్ అనే పెద్ద షెర్రీ పీపా 500. పీపా చిన్నదయ్యేకొద్దీ లీటరుకి తగిలే చెక్క ఎక్కువ.

ఇంకోటి. మొత్తం కాలం వైన్ పీపాలోనే ఉంచడం వేరు, బర్బన్ పీపాలో ఏళ్ళు ఉంచి చివర్లో కొన్ని నెలలు వైన్ పీపాలోకి మార్చడం వేరు. రెండోదాన్ని ఫినిష్ అంటారు. మీది మొదటి రకం, కాబట్టి వగరు గట్టిగానే ఉంటుంది. గుక్క మింగాక వెంటనే తీర్పు చెప్పకు, నోరు మూసుకుని ముక్కుతో గాలి వదులు. నాకు అక్కడే మా ఊరి బ్యారన్, అంటే పొగాకు ఆరబెట్టే కొట్టం, తలుపు తీసినప్పుడు కొట్టే వాసన తగుల్తుంది. పండాకు ఆరి, తేనె రంగుకి తిరిగి, ఇంకా పూర్తిగా చల్లారని వాసన. కొండపి, టంగుటూరు వైపు పెరిగినోళ్ళకి అదేందో చెప్పక్కర్లా.

మైపాడు ఇసక:
బ్యారన్ అన్నా, ఆ వాసన మాట నూటికి నూరు పాళ్ళు నిజం. నాకు రాంపూర్ ఆసవ అనే విస్కీలో దొరికింది.

దాని గురించి కొంచెం చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో చేస్తారు, 45 శాతం. ముందు బర్బన్ పీపాల్లో పండించి, తర్వాత మన దేశంలోనే కాబర్నే సావిన్యోన్ అనే రెడ్ వైన్ పట్టిన పీపాల్లో ఫినిష్ చేస్తారు. ఆసవ అనగానే మనకి గుర్తొచ్చేది ద్రాక్షాసవం. మా తాత అన్నం తిన్నాక రెండు చెంచాలు తాగేవాడు, సీసా మూత తీస్తే పులిసిన ద్రాక్ష, లవంగం, బెల్లం కలిసిన వాసన. నలభై ఏళ్ళ తర్వాత ఈ గ్లాసులో అదే వాసన పలకరిస్తే కాసేపు తాగకుండా పట్టుకుని కూర్చున్నా.

నీళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. చెవి మందు సీసాకి వచ్చే డ్రాపర్ లాంటిది కొత్తది కొనుక్కుని వాడతాను. 30 మిల్లీలీటర్లకి ముందు మూడు చుక్కలు. గ్లాసు ఊపకుండా నిమిషం ఆగితే నూనె తీగల్లాంటివి మెలికలు తిరుగుతా కలుస్తాయి. అప్పుడు వాసన చూడు. మళ్ళీ మూడు చుక్కలు, మళ్ళీ వాసన. ఆసవకి తొమ్మిది చుక్కల దగ్గర వగరు తగ్గి రేగుపండు తీపి పైకొచ్చింది, ఇరవై దాటాక పల్చబడి పోయింది. స్వీడన్‌లో లినేయస్ యూనివర్సిటీ వాళ్ళు 2017లో దీన్ని కంప్యూటర్ మీద లెక్కగట్టారు. నీళ్ళు కలిపితే గ్వాయకాల్ అనే పొగ వాసన పదార్థం గ్లాసులో పైభాగానికి చేరుతుందని తేల్చారు. సోడా మాత్రం పొయ్యకండి, అందులో గ్యాసు టానిన్‌ని ఇంకా గరుకు చేస్తుంది.

కావలి స్టేషన్ రోడ్డు:
డ్రాపర్ నేనూ వాడతాను. ట్యాంకర్ నీళ్ళు, బోరు నీళ్ళు వద్దు. మా వైపు బోరు నీళ్ళ ఉప్పదనం రుచిని చంపేస్తుంది.

ఉదయగిరి గరిటె:
మా ఇంట్లో చెక్క గరిటెలు చెక్కుతారు, అందుకని పీపా చెక్క గురించి నాకు తెలిసింది చెప్తా. కొత్త గరిటెని నేరుగా కూరలో పెడితే మొదటి నాలుగైదు వంటలకి చెక్క వగరు దిగుతుంది. అందుకే మా నాయన నున్నగా గీకి, నూనె రాసి ఇస్తాడు. విస్కీ వాళ్ళకీ ఈ సమస్య వచ్చింది. వాడేసిన వైన్ పీపాలో పాత వైన్ పులుపెక్కి ఉంటుంది, దాన్ని అట్టాగే వాడితే సరుకు చెడుతుంది. జిమ్ స్వాన్ అనే స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త దీనికి దారి చూపాడు. పీపా లోపలి పొరని గీకేయడం, సన్న సెగ మీద వేయించడం, ఆఖర్న మంటపెట్టి పైపైన బొగ్గు చేయడం. పులుపు ఉండే పొర పోతుంది, లోపలి పొరలోని వైన్ తీపి మిగుల్తుంది, వేగిన చెక్క పంచదార పాకం లాంటి వాసనలిస్తుంది. ఆయన 2017లో పోయాడు.

తైవాన్‌లో కవలాన్ డిస్టిలరీ వాళ్ళు ఆయన సలహాతోనే సాలిస్ట్ విన్యో బారిక్ అనే విస్కీ చేశారు. 2015లో వరల్డ్ విస్కీస్ అవార్డుల్లో ప్రపంచంలోకెల్లా మంచి సింగిల్ మాల్ట్ అని దానికే ఇచ్చారు. నేను బెంగుళూరులో పనిచేసేటప్పుడు స్నేహితుడు తైపే నుంచి తెచ్చాడు. నీళ్ళు కలపకుండా పీపాలోంచి నేరుగా పట్టింది, 50 శాతం దాటి ఉంటుంది. నీళ్ళు లేకుండా రెండు గుక్కలే తాగగలిగా. చుక్కలు పడ్డాక మామిడి తాండ్ర. ఇంకో మాట లేదు, తాండ్రే. పొరలు పొరలుగా ఎండలో ఆరిన పులుపూ తీపీ.

ఎండలు మనకి తాగడానికి ఇబ్బంది గానీ, పండడానికి అవే బలం. స్కాట్లండ్‌లో ఏడాదికి పీపాలోంచి 2 శాతం ఆవిరైతే బెంగుళూరులో అమృత్ డిస్టిలరీ వాళ్ళకి 10 శాతం పైనే పోతుంది. పోయేది ఎక్కువే, చెక్కతో కలిసేది కూడా అంతే వేగం. మన సరుకుల సీసా మీద వయసు అంకె కనపడకపోతే తక్కువ చూపు చూడకండి.

సింగరాయకొండ పడవ:
నాకు ఒక చేదు అనుభవం ఉంది, చెప్పాలి. రెండేళ్ళ కింద ఒక షాపులో ఖరీదు పెట్టి వైన్ ఫినిష్ సీసా ఒకటి కొన్నా. మూత తీయగానే అగ్గిపుల్ల గీసి ఆర్పిన వాసన, దాని కింద కాలిన రబ్బరు. షాపాయన మార్చనన్నాడు. తర్వాత తెలుసుకున్నదేందంటే, ఖాళీ వైన్ పీపా బూజు పట్టకుండా లోపల గంధకం వెలిగిస్తారు. అది సరిగ్గా పోకుండా విస్కీ పోస్తే ఇట్టా అవుతుంది. గ్లాసులో పోసి అరగంట వదిలేస్తే అగ్గిపుల్ల వాసన చాలావరకు పోయింది, రబ్బరు వాసన పోలేదు. కాబట్టి మొదటి పెగ్గుతో సీసాని తిట్టకండి, అరగంట ఆగండి. అప్పటికీ ఉంటే అది పీపా దోషమే.

రెండో తప్పు మా ఇంట్లోదే. ఆ సీసాని అటక మీద పడుకోబెట్టి పెట్టారు. వైన్ సీసాని పడుకోబెడతారు గానీ విస్కీని నిలబెట్టాలి. ఆల్కహాల్‌కి బిరడా నానిపోయి, రోహిణి కార్తె పోయాక తీస్తే చేతిలో పొడైంది. టీ వడకట్టే గుడ్డతో వడబోసుకున్నాం.

తినే వాటి సంగతి కూడా రాయండయ్యా ఎవరైనా. చేపల పులుసు పక్కన పెట్టుకుంటే నాకు నోట్లో ఇనుప రుచి వచ్చింది.

మైపాడు ఇసక:
పులుసూ కారమూ రెండూ టానిన్‌కి శత్రువులు. చేప కావాలంటే ఉప్పూ పసుపూ మిరియం రాసి వేయించిన వంజరం ముక్క, అదీ రెండు గుక్కల మధ్య కాదు, అయిపోయాక. నేనైతే జీడిపప్పు, చిన్న తాటిబెల్లం ముక్క పెట్టుకుంటా. బెల్లం నాలుక మీద కరిగాక గుక్క వేస్తే వగరు ఎటుపోయిందో తెలీదు.

చీమకుర్తి నల్లరాయి:
నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. వైన్ పీపా ఎక్కువైతే బార్లీ రుచి మిగలదు. పోర్ట్ వైన్ పీపాల్లో ఫినిష్ చేసిన గ్లెన్‌మోరంజీ క్వింటా రూబన్ అనే స్కాచ్ నాకు ఇష్టమే, అందులో మాల్ట్ ఇంకా బతికుంటుంది. మొత్తం రెడ్ వైనే అయితే నాకు ద్రాక్షరసం తాగినట్టుంది.

పొగాకు బ్యారన్:
నీ అభిప్రాయంలో న్యాయం ఉంది. కాకపోతే పోర్ట్‌ని ఈ లెక్కలో కలపకు. పులుస్తున్న ద్రాక్షరసంలో మధ్యలోనే బ్రాందీ స్పిరిట్ పోసి, పులవడాన్ని ఆపేసి తీపిని నిలబెడితే పోర్ట్. మామూలు రెడ్ వైన్‌లో ఆ తీపి ఉండదు. అందుకే క్వింటా రూబన్ నీ నోటికి మెత్తగా ఉంది. బార్లీ మిగలాలంటే పొగపట్టిన సరుకు చూడు, స్కాట్లండ్‌లో క్యాంబెల్‌టౌన్ నుంచి రెడ్ వైన్ పీపాల్లో పండిన లాంగ్రో రెడ్ వస్తుంది. పొగ గట్టిది, వైన్ దాన్ని పూర్తిగా కప్పలేదు. నేను ఒక్కసారే తాగా, చెన్నైలో పరిచయస్తుల ఇంట్లో. ఇప్పటికీ మర్చిపోలేదు.

పెన్నా గట్టు:
అందరికీ దణ్ణం. నిన్న మళ్ళీ కూర్చున్నా, ఈసారి లోపలి గదిలో, ఏసీ 23లో. మధ్యాహ్నం నుంచే సీసా అక్కడే ఉంచా. సన్న మూతి గ్లాసు లేక మా ఆవిడ దగ్గర చిన్న గాజు గ్లాసు అడిగి తీసుకున్నా. 30 పోసి ఇరవై నిమిషాలు ముట్టుకోలేదు.

మొదట వాసనలో పండిన అరటిపండు, తర్వాత ఎర్రటి పండేదో, రేగా దానిమ్మా తేల్చుకోలేకపోయా. డ్రాపర్‌తో ఆరు చుక్కలు వేశా. గుక్క నోట్లో అటూ ఇటూ తిప్పి మింగి, బ్యారన్ అన్న చెప్పినట్టు ముక్కుతో గాలి వదిలితే వచ్చింది, మగ్గిన నేరేడు. మొన్న పచ్చిది, నిన్న మగ్గింది. వగరు ఉంది గానీ నేరేడు తిన్నాక నాలుక మీద ఉండేంతే. మా ఆవిడ వాసన మాత్రం చూసి కిస్మిస్ వేసిన పాయసం అంది, ఆమె చెప్పాక నాకూ అదే తగిలింది.

బావమరిదికి రాత్రే ఫోన్ చేసి చెప్పా. సీసాలో ఇంకా సగం పైన ఉంది. కావలి తమ్ముడూ, వచ్చే ఆదివారం నీ ఇంద్రి పట్టుకుని రా, రెండూ పక్కపక్కన పెడదాం. రాత్రికి మా ఇంట్లోనే పడుకోవాలి, బండి తియ్యనివ్వను. జీడిపప్పు నేను తెస్తా, మంచి తాటిబెల్లం యాడ దొరుకుద్దో మైపాడు అన్న చెప్పాలి.